రూటర్ టేబుల్‌కి ఎత్తు ఫెన్స్: కొలతలు, కోత, నిటారు

వంటగది షట్టర్ పలకకి చుట్టూ వాలు తీయాలన్నా, సొరుగు మూలలకి లాక్ మైటర్ (రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరుక్కునే 45 డిగ్రీల మూల జోడు) కొట్టాలన్నా, అలమర అరల చివర డవ్‌టెయిల్ నాలుక (పావురం తోకలా చివర వెడల్పయ్యేది) తీయాలన్నా చెక్కని టేబుల్ మీద పడుకోబెట్టి కాకుండా నిలబెట్టి తోయాల్సి వస్తుంది. రూటర్ టేబుల్ అంటే కింద తలకిందులుగా బిగించిన రూటర్ బిట్ (తిరిగే కత్తి) పైకి వచ్చే బల్ల, దాని మీద చెక్కని ఆనించి తోసే గోడే ఫెన్స్. మామూలు రూటర్ టేబుళ్ల ఫెన్స్ మూడు నాలుగు అంగుళాలకి మించి ఉండదు. రెండడుగుల పలకని దానికి ఆనించి నిలబెడితే సగం బరువు చేతిలోనే ఉంటుంది, పైన చెయ్యి కాస్త వణికితే కింద బిట్ చెక్కలోకి దిగబడుతుంది. ఎత్తు ఫెన్స్ కావాల్సింది అందుకే.

అయితే ఎత్తు పెంచడం తేలిక, నిటారుగా నిలబెట్టడం కష్టం. 225 మి.మీ. ఎత్తులో ఫెన్స్ అర మిల్లీమీటరు వాలిందనుకోండి. కంటికి ఏమీ కనబడదు. దానికి ఆనించి 600 మి.మీ. అలమర అర చివర నాలుక తీస్తే, బిగించాక రెండో చివర 1.3 మి.మీ. పక్కకి పోయి ఉంటుంది. అందుకే ఈ గోడ కట్టడం కన్నా, కట్టాక దాన్ని సరిదిద్దుకునే వీలు ఉంచడం మీదే ఇక్కడ ఎక్కువ చెప్పాం.

నిలువు బిట్ ఎందుకు

పలకకి వాలు తీసే బిట్లు రెండు రకాలు. పడుకోబెట్టి తీసే బిట్ వెడల్పు 80 నుంచి 89 మి.మీ. దాకా ఉంటుంది. నిలబెట్టి తీసేది దాదాపు 38 మి.మీ. రూటర్ నిమిషానికి 18,000 చుట్ల వేగంతో తిరుగుతుంటే 89 మి.మీ. బిట్ అంచు సెకనుకి 84 మీటర్లు పరుగెడుతుంది, 38 మి.మీ. బిట్ అంచు 36 మీటర్లే. పెద్ద బిట్‌ని 10,000 చుట్లకి దించి, బలమైన రూటర్‌తోనే నడపాలి. చిన్నదాన్ని 16,000 నుంచి 18,000 మధ్య నడపొచ్చు, మోటారు మీద భారమూ తక్కువే. మధ్యరకం రూటర్ ఉన్నవాళ్లకి నిలువు బిట్టే దారి. రెండు రకాలకీ అరంగుళం కాడ, రూటర్‌కి ఆ కాడని పట్టే అరంగుళం కాలెట్ ఉండాలి. పావు అంగుళం ట్రిమ్మర్ (చిన్న చేతి రూటర్)తో ఈ పని మొదలుపెట్టకండి. ఆ సన్నటి కాడ వంగుతుంది, విరుగుతుంది కూడా.

ఎత్తుకి ఒక లెక్క ఉంది: నిలబెట్టే పలకలో కనీసం మూడో వంతు ఫెన్స్‌కి ఆనాలి. 225 మి.మీ. ఫెన్స్ 600, 650 మి.మీ. పలకల దాకా హాయిగా సరిపోతుంది. ఇంకా ఎత్తు పెంచితే గోడ బరువెక్కుతుంది, మెలి తిరిగే అవకాశమూ పెరుగుతుంది. వీధి తలుపుకి వేసే మూడడుగుల టేకు పలకలకి ఇది మంచి సాధనం కాదు.

సరుకు

ఇక్కడి కొలతలు 800 మి.మీ. పొడవున్న టేబుల్‌కి. మీ టేబుల్ ఎంత పొడవుంటే ఫెన్స్ అంత పొడవు ఉండాలి, రెండు చివర్లా క్లాంపు పట్టడానికి అదే వీలు.

18 మి.మీ. ప్లైవుడ్‌లో:
- అడుగు పలక: 800 × 150, ఒకటి
- నిలువు పలక: 800 × 225, ఒకటి
- ముందు పలకలు: 400 × 223, రెండు
- ముక్కోణాలు: లంబకోణం పక్క రెండు భుజాలు 140, 180, నాలుగు
- జీను (సన్నటి ముక్కలని తోయడానికి ఫెన్స్ మీద కూర్చుని జారే తొడుగు) ముందు పలక: 250 × 215, ఒకటి

ఇవి కాక దుమ్ము పెట్టె మూతకి 6 మి.మీ. ప్లై 198 × 230 ముక్క ఒకటి, రెండు ముందు పలకలకీ రెండు వైపులా వేసేంత 1 మి.మీ. సన్‌మైకా, ఫెవికాల్ ఎస్‌హెచ్ పావు కిలో, 8 నంబర్ 38 మి.మీ. స్క్రూలు 30, మూతకి 16 మి.మీ. స్క్రూలు అరడజను. ఎం6 కౌంటర్‌సంక్ (తల చెక్కలోకి మునిగే) అలెన్ బోల్టులు 50 మి.మీ. పొడవువి ఎనిమిది, వాటికి వెడల్పు వాషర్లు, వింగ్ నట్లు. కళింగపట్నం, భోగాపురం వైపు సముద్రపు గాలి తగిలే చోట పని అయితే బోల్టులు, నట్లు స్టెయిన్‌లెస్‌వి తీసుకోండి. మామూలువి రెండు వానాకాలాలకే పట్టేసి చేత్తో తిరగవు.

ప్లైలో కమర్షియల్ అని అమ్మేది ఐఎస్ 303 అనే భారత ప్రమాణంలో ఎంఆర్ (తేమని తట్టుకునే) రకం. అదే నంబరు కింద వచ్చే బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే రకం) దానికన్నా తేమని బాగా తట్టుకుంటుంది. ఐఎస్ 710 అంటే మెరైన్. ఈ పనికి బీడబ్ల్యూఆర్ చాలు. షీటు మీద ఏ ముద్ర ఉందన్నది కాదు, షీటు తిన్నగా ఉందా లేదా అన్నదే ముఖ్యం. షాపులో షీటుని అంచు మీద నిలబెట్టించి, ఒక చివర నుంచి కన్ను పెట్టి చూడండి. మధ్యలో బొర్ర ఉంటే పక్కన పెట్టించండి. మందం కూడా కొలవాలి. 18 అని రాసి ఉన్నా వెర్నియర్ పెడితే 17, 17.5 రావడం కొత్తేమీ కాదు. అది తప్పు కాకపోవచ్చు గానీ, మందాన్ని లెక్కలోకి తీసుకునే చోట మీరు కొలిచిన అంకెనే వాడాలి. కింద జీను దగ్గర ఇది అవసరపడుతుంది.

ముందు పలకలకి ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో అదిమి చేసిన పలక) వాడమని చాలామంది చెబుతారు, నునుపుగా తిన్నగా ఉంటుందని. నిజమే. కానీ జూన్ నుంచి నవంబరు దాకా గాలిలో తడి ఆరని ఈ తీరప్రాంతంలో ఎండీఎఫ్ అంచులు ఉబ్బుతాయి. అదే వాడాలనుకుంటే నాలుగు అంచులకీ సీలర్ రెండు చేతులు పట్టించండి. మా ఓటు ప్లైకే.

కోత

నాలుగడుగులు బై రెండడుగుల ముక్కలో ఈ ప్లై ముక్కలన్నీ పడతాయి, కానీ బొటాబొటిగా. మొదటి వరసలో నిలువు పలక, ఒక ముందు పలక పక్కపక్కన: 800 + 400. రెండో వరసలో ఇంకో ముందు పలక, జీను పలక, ముక్కోణాల కోసం 190 × 150 ముక్కలు రెండు. మూడో వరసలో అడుగు పలక. వెడల్పులు 225, 225, 150 కలిపితే 600. రెండు కోతలకి రంపం తినేది 6. ముక్క వెడల్పు 610. చేతిలో మిగిలేది 4 మి.మీ. షాపులో పెద్ద షీటుని నాలుగు ముక్కలు చేసినప్పుడు ఒక ముక్కకి ఈ 4 మిల్లీమీటర్లూ ఉండకపోవచ్చు. టేపు పెట్టి చూసుకున్నాకే డబ్బివ్వండి. తక్కువైతే అడుగు పలకని 145కి తగ్గించుకోండి, ఏమీ కాదు.

నిలువు పలక, అడుగు పలక పొడవాటి అంచులు తిన్నగా ఉండాలి. మిషన్ రంపంతో కోసినా, స్కేలు పట్టి వెలుతురుకి ఎదురుగా చూడండి. వెలుగు దూరే చోట చిత్రికతో ఒకటి రెండు తోపులు తోయండి.

ముక్కోణాల్లోనే అసలు ప్రాణం ఉంది. 190 × 150 ముక్కని కర్ణం వెంట కోస్తే రెండొస్తాయి. నాలుగింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, లంబకోణం భుజాలు కలిపి క్లాంపు చేసి, నాలుగింటికీ ఒకేసారి చిత్రిక పట్టండి. విడివిడిగా సరిచేస్తే నాలుగూ నాలుగు రకాలుగా వస్తాయి, అప్పుడు గోడ మెలి తిరుగుతుంది. ఆ తర్వాత ప్రతి ముక్కోణానికీ లంబకోణం మూలని 6 మి.మీ. కోసేయండి. ఫెవికాల్ పెట్టి నొక్కినప్పుడు బయటికొచ్చే జిగురు ఆ ఖాళీలోకి పోతుంది. మూల కొయ్యకపోతే జిగురు గడ్డ కట్టి ముక్కోణాన్ని వెనక్కి నెడుతుంది.

బిట్ కోసం నిలువు పలక కింది అంచు మధ్యలో 100 వెడల్పు, 75 ఎత్తు మేర కోసేయాలి. అడుగు పలక ముందంచు మధ్యలో 100 వెడల్పు, 70 లోతు. ఈ రెండు నోళ్లూ ఎదురెదురుగా రావాలి కాబట్టి రెండు పలకలకీ మధ్యగీత ముందే గీసి పెట్టుకోండి.

తర్వాత నిలువు పలకలో బోల్టు గాళ్లు. ఎడమ చివర నుంచి కొలిస్తే మొదటిది 115 నుంచి 165 దాకా, రెండోది 225 నుంచి 275 దాకా. కుడివైపు ఇవే కొలతలు కుడి చివర నుంచి. ఒక్కో చోట రెండేసి గాళ్లు, కింది అంచు నుంచి 60 ఎత్తులో ఒకటి, 180 ఎత్తులో ఒకటి. మొత్తం ఎనిమిది. గాడి వెడల్పు 8 మి.మీ. రెండు చివర్లా 8 మి.మీ. కన్నాలు పెట్టి, మధ్య భాగం 8 మి.మీ. స్ట్రెయిట్ బిట్‌తో రెండు మూడు లోతుల్లో తీయండి. 6 మి.మీ. బోల్టుకి 8 మి.మీ. గాడి ఎందుకంటే, ముందు పలకని పైకీ కిందికీ కాస్త జరుపుకునే వీలు ఉండాలి.

గోడ నిలబెట్టడం

బల్ల మీద కాదు, గ్రానైట్ బండ మీద బిగించండి. వంటగట్టు పనిలో మిగిలిన ముక్క చాలామంది ఇళ్లలో పెరట్లో పడి ఉంటుంది. అది దొరక్కపోతే మీ రూటర్ టేబులే బండ అనుకోండి. వంకర బల్ల మీద బిగిస్తే గోడకి ఆ వంకరే వస్తుంది.

నిలువు పలక అడుగు పలక మీద కూర్చోదు, దాని ముందంచుకి ఆని టేబుల్ మట్టం దాకా దిగుతుంది. ముందుగా జిగురు లేకుండా స్క్రూలతో బిగించి చూడాలి. స్క్రూ వరస కింది అంచు నుంచి 9 మి.మీ. ఎత్తులో, ఎడమ నుంచి 50, 150, 250, 330 దగ్గర, తర్వాత 470, 550, 650, 750 దగ్గర. ప్లై అంచులోకి స్క్రూ దిగుతోంది కాబట్టి 3 మి.మీ. కన్నం ముందే పెట్టాలి. కన్నం లేకుండా బిగిస్తే పొరలు విచ్చుకుని అంచు ఉబ్బుతుంది, ఆ ఉబ్బే నిలువు పలకని ముందుకి తోస్తుంది. స్క్రూ తల పలకలోకి పూర్తిగా మునగాలి, దాని మీద ముందు పలక వచ్చి ఆనుతుంది.

అన్నీ కుదిరాక విప్పి, ఫెవికాల్ పెట్టి మళ్లీ బిగించండి. తర్వాత ముక్కోణాలు. వాటి మధ్యగీతలు ఎడమ చివర నుంచి 90, 310, 490, 710. ముందు బయటి రెండూ, తర్వాత లోపలి రెండూ. ఒక్కోటి పెట్టేటప్పుడు రెండు భుజాలకీ జిగురు రాసి, క్లాంపు వేసి, ముందు వైపు మూలమట్టం పెట్టి చూసి, అప్పుడు నిలువు పలక లోంచి రెండు, అడుగు పలక కింది నుంచి రెండు స్క్రూలు. కింది స్క్రూ తలలు అర మిల్లీమీటరు కూడా బయటికి రాకూడదు, టేబుల్ మీద గీతలు పడతాయి, గోడ కూడా ఊగుతుంది.

మూలమట్టాన్ని నమ్మేముందు దాన్నే పరీక్షించండి. తిన్నటి ప్లై అంచుకి ఆనించి ఒక గీత గీయండి. మట్టాన్ని తిరగేసి అదే బిందువు నుంచి ఇంకో గీత. రెండూ ఒకటైతే మట్టం మంచిది. పైకి పోయేకొద్దీ విడిపోతుంటే ఆ దూరంలో సగం మట్టం తప్పు.

ముక్కోణాలు 140, 180 అని చెప్పాం కదా. 18 మి.మీ. అడుగు పలక మీద 180 నిలబడితే 198 ఎత్తు వస్తుంది. గోడ పైన 27 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ కావాలనే ఉంచాం, జీను వెనక పెదవి అక్కడ జారుతుంది.

ఫెవికాల్ వేసవిలో అయితే రెండు మూడు గంటలకి పట్టు ఇస్తుంది. ముసురు రోజుల్లో మాత్రం క్లాంపులు తీయడానికి రాత్రంతా ఆగండి, కొయ్యడానికి మర్నాడు సాయంత్రం దాకా ఆగండి. సగం ఆరిన జిగురు మీద నట్లు బిగిస్తే ముక్కోణం వెంట్రుకవాసి జారుతుంది. అది ఇక సరికాదు.

ముందు పలకలు

సన్‌మైకా రెండు వైపులా అంటించాలి. ముందు వైపు ఒక్కదానికే వేస్తే ఆ వైపు తడి పీల్చదు, వెనక వైపు పీలుస్తుంది. ఒక్క వర్షాకాలంలో పలక విల్లులా వంగుతుంది. సరుకు మిగుల్చుకోడానికి ఇక్కడ వెనకాడే వాళ్లే ఎక్కువ, ఫెన్స్ చెడిపోయేదీ ఎక్కువగా ఇక్కడే. ముందు వైపుకి నున్నటి రకం వేయండి. చెక్క గీతల అచ్చు దిగిన గరుకు రకం పలకని పట్టి లాగుతుంది.

రెండు వైపులా వేశాక మందం 20 మి.మీ. అవుతుంది. ముందు పలక ఎత్తు 225 కాకుండా 223 ఎందుకంటే, బిగించేటప్పుడు దాని కింద ఒక సన్‌మైకా ముక్క పెట్టి 1 మి.మీ. ఎత్తు మీద బిగిస్తాం. ఆ సందులోంచి పొట్టు బయటికి పోతుంది. పైన ఇంకో 1 మి.మీ. తక్కువగా ఉంటుంది కాబట్టి జీను నిలువు పలక మీదే నడుస్తుంది, ముందు పలకలకి తగలదు. కింది అంచుకి ముందు వైపు 3 మి.మీ. వాలు కూడా తీయండి. పొట్టు అక్కడ చేరితే కోసే పలకని ఎత్తేస్తుంది, ఎత్తిన చోట వాలులో మెట్టు పడుతుంది.

ఎడమ పలకలో బోల్టు కన్నాలు దాని బయటి చివర నుంచి 160, 270 దగ్గర, ఎత్తులు 59, 179. ఒక మిల్లీమీటరు పైకెత్తి బిగిస్తాం కాబట్టి గాడి మధ్యకే వస్తాయి. కుడి పలక దీనికి అద్దం. బోల్టు తల సన్‌మైకా కన్నా 1.5 మి.మీ. లోపలికి దిగేలా కౌంటర్‌సింక్ చేయాలి. బిట్ ఉక్కు, బోల్టు ఉక్కు, ఎక్కడా దగ్గరికి రాకూడదు. పలకలు రెండూ మధ్యలో కలిసే చివర్లని వెనక వైపు నుంచి 45 డిగ్రీల్లో కోసేయండి. అప్పుడే బిట్‌కి దగ్గరగా పలకలని జరపగలరు.

వెనక నుంచి వాషర్, వింగ్ నట్టు పెట్టి, ముందు నుంచి 4 మి.మీ. అలెన్ కీతో బోల్టుని పట్టుకుని బిగించాలి. పలకలు ఒక్కోటి 40 మి.మీ. పైగా జరుగుతాయి, అంటే నోరు 80 దాకా తెరుచుకుంటుంది. 38 మి.మీ. బిట్‌కి అంత అక్కర్లేదు. బిట్‌కి అటూ ఇటూ 3 మి.మీ. వదిలి దగ్గరికి జరపండి. నోరు ఎంత పెద్దదైతే పలక చివర అందులోకి దిగబడే ప్రమాదం అంత.

నిటారు సరిచేయడం

ఫెన్స్‌ని టేబుల్ మీద పెట్టి రెండు చివర్లా క్లాంపు వేసి, అప్పుడు చూడండి. క్లాంపు వేయకముందు చూసినది లెక్కకి రాదు, బిగింపుకి టేబుల్ కూడా కాస్త వంగుతుంది. మూలమట్టాన్ని టేబుల్‌కీ ముందు పలకకీ పెట్టి నాలుగు చోట్ల చూడాలి: రెండు చివర్లా, నోటికి అటూ ఇటూ.

పలక మీ వైపు వాలి ఉంటే, కింది వరస బోల్టుల దగ్గర పలకకీ గోడకీ మధ్య కాగితం ముక్క పెట్టండి. అవతలికి వాలి ఉంటే పై వరస దగ్గర. జిరాక్స్ కాగితం 0.1 మి.మీ. మందం. బోల్టు వరసల మధ్య దూరం 120 కాబట్టి, ఒక్క కాగితం పలక మొత్తం ఎత్తులో దాదాపు 0.19 మి.మీ. తేడా తెస్తుంది. మట్టం పక్కన సందులోకి రెండు కాగితాలు దూరి మూడోది దూరకపోతే, బోల్టు దగ్గర ఒక కాగితం పెడితే సరిపోతుంది. కాగితానికి కన్నం పెట్టి బోల్టుకి తొడగండి, లేకపోతే నట్టు వదులు చేసిన ప్రతిసారీ జారిపోతుంది.

తర్వాత రెండు ముందు పలకలూ ఒకే వరసలో ఉన్నాయా అని పొడవాటి స్కేలు ఆనించి చూడాలి. చెక్క కుడి నుంచి ఎడమకి పోతుంది. ఎడమ పలక ముందుకి ఉంటే చెక్క అంచు దానికి తగిలి ఆగుతుంది. వెనక్కి ఉంటే చెక్క చివర కుడి పలకని వదిలే క్షణంలో బిట్ వైపు ఒరిగి చివర అంగుళం మేర ఎక్కువ కోసేస్తుంది. సరిచేయడానికి అదే కాగితం, ఈసారి నాలుగు బోల్టుల దగ్గరా.

దుమ్ము పెట్టె

లోపలి రెండు ముక్కోణాల ఏటవాలు మీద 6 మి.మీ. మూత బిగిస్తే అదే పెట్టె. మూతలో, అడుగు పలకకి దగ్గరగా, మీ వాక్యూమ్ గొట్టం మూతి పట్టే కన్నం చేయండి. మూతికి సరిపోయే పీవీసీ కప్లింగ్ ప్లంబింగ్ షాపులో దొరికితే అది అంటించండి. కన్నం పైన పెడితే పొట్టు కింద మేట వేస్తుంది. నిలువు బిట్ పొట్టు చాలా పోస్తుంది, వాక్యూమ్ లేకుండా రెండు పలకలు తీసేసరికి నోరు నిండిపోతుంది.

నొక్కు చెక్క, జీను

చెక్కని ఫెన్స్‌కి నొక్కి పట్టే ఫెదర్‌బోర్డు అనే దువ్వెన చెక్కని ప్లైతో చేయకండి, పళ్లు విరుగుతాయి. 300 పొడవు, 100 వెడల్పు టేకు ముక్క తీసుకుని, ఒక చివర 60 డిగ్రీలకి ఏటవాలుగా కోసి, ఆ చివర నుంచి నార వెంబడి 65 మి.మీ. లోతు కోతలు వేయండి. పళ్లు 5 మి.మీ. మందం మిగలాలి. పళ్ల వాలు ఎడమ వైపుకి ఉండాలి. సరిగ్గా పెట్టారా లేదా అన్నది చేత్తోనే తెలుస్తుంది: చెక్క ముందుకి కదలాలి, వెనక్కి లాగితే రాకూడదు.

దీన్ని తిన్నగా టేబుల్ మీద బిగించేస్తారు చాలామంది. ఈ పనికి అది తప్పు. పలక కింది భాగంలో 38 మి.మీ. మేర బిట్ తినేస్తుంది, అంటే బిట్ దాటాక ఆ భాగం వెనక ఆసరా లేదు. అక్కడ నొక్కితే పలక అడుగు లోపలికి పోయి పైభాగం మీ మీదకి వాలుతుంది. 60 మి.మీ. ఎత్తు దిమ్మ మీద దువ్వెన చెక్కని బిగించండి. నొక్కు వాలుకి పైన, గోడకి నిండుగా ఆనే చోట పడాలి.

జీను సన్నటి ముక్కల కోసం. అలమర అర చివర నాలుక తీసేటప్పుడు 80, 100 మి.మీ. వెడల్పు ముక్క టేబుల్ మీద నిలబడదు, పక్కకి ఊగుతుంది. గుర్రం మీద జీనులా గోడ మీద కూర్చుని జారే ఒక U ఆకారం చేయాలి: ముందు 250 × 215 పలక, పైన ఒక ముక్క, వెనక 20 మి.మీ. మాత్రమే దిగే పెదవి. లోపలి సందు గోడ మందం కన్నా 0.2 మి.మీ. ఎక్కువ. గోడ మందం అంటే ముందు పలక 20, నిలువు పలక 18, కాగితం పెట్టి ఉంటే అదీ. ప్లై నిజంగా 17.5 అయితే రెండు పొరలకి ఒక మిల్లీమీటరు పోతుంది, కాగితం మీద 38 అనుకుని చేసిన జీను వదులుగా తిరుగుతుంది. అందుకే వెర్నియర్‌తో కొలిచాకే సందు కోయండి. జీను ముందు పలక ఎడమ అంచు టేబుల్‌కి 90 డిగ్రీలు ఉండాలి, ఆ అంచే ముక్కని తోస్తుంది. జీను కుడివైపు, ముక్క ఎడమవైపు. జీను అంచు కింది మూల మొదటిసారే బిట్‌కి బలి అవుతుంది, కానివ్వండి. చెక్క వెనక అంచు చీలకుండా అదే కాపాడుతుంది. అరిగాక 10 మి.మీ. కోసి కొత్త అంచు చేసుకోవచ్చు.

మొదటి పలక

టేబుల్ కింద రూటర్ తిరగబడి ఉంటుంది కాబట్టి, పై నుంచి చూస్తే బిట్ ఎడమ చుట్టు తిరుగుతుంది. చెక్క కుడి నుంచి ఎడమకి. ఎడమ నుంచి కుడికి తోస్తే బిట్ చెక్కని లాక్కుపోతుంది, వెనకే వేళ్లూ పోతాయి. చెక్కని ఎప్పుడూ ఫెన్స్‌కీ బిట్‌కీ మధ్య నుంచి పంపకూడదు.

ఒకేసారి పూర్తి లోతు తీయొద్దు. ఫెన్స్‌ని ముందుకి జరిపి బిట్‌ని చాలావరకు దాచేసి మొదలుపెట్టండి. ఒక్కో విడతకి 3 మి.మీ., చివరి విడత అర మిల్లీమీటరు. ఫెన్స్‌ని వెనక్కి జరపడానికి కుడి క్లాంపు వదలకుండా ఎడమ చివర ఒక్కటే జరిపితే చాలు. బిట్ మధ్యలో ఉంది కాబట్టి చివర 2 మి.మీ. జరిగితే బిట్ దగ్గర ఒక మిల్లీమీటరే మారుతుంది. అర మిల్లీమీటరు సర్దడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. బిట్ గుండ్రం కాబట్టి ఫెన్స్ టేబుల్ అంచుకి సమాంతరంగా ఉండాల్సిన పని లేదు.

పలక నాలుగు వైపులా తీసే వరస: నారకి అడ్డంగా ఉన్న రెండు చివర్లు ముందు, నార వెంబడి ఉన్న పొడవు అంచులు తర్వాత. అడ్డం కోతలో చివర్ల దగ్గర చీలినది పొడవు కోతలో కొట్టుకుపోతుంది. టేకు బాగా వింటుంది. వేప, పనస మొండికేస్తాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసేవాళ్ల ఉలి, నార తిరిగిన చోట తనూ తిరుగుతుంది. రూటర్ బిట్‌కి ఆ తెలివి లేదు. పనసకి విడతలు 1.5 మి.మీ.కి తగ్గించండి.

లాక్ మైటర్‌కి పద్ధతి వేరు. ఒక ముక్క టేబుల్ మీద పడుకుంటుంది, దాని జత ఫెన్స్‌కి ఆని నిలబడుతుంది. బిట్ ఎత్తు, ఫెన్స్ స్థానం ఒకసారి కుదిరాక రెండింటికీ ఒకటే, మార్చకూడదు. పని చేయబోయే చెక్క మందమే ఉన్న తునకల మీద సరిచూసుకోండి. 17.5 తునక మీద కుదిర్చి 18 చెక్క మీద కోస్తే మూల కలవదు. 18, 19 మి.మీ. చెక్కకి వాడే చిన్న లాక్ మైటర్ బిట్ 45 మి.మీ. ఉంటుంది, 16,000 చుట్లు. 70 మి.మీ. పెద్ద బిట్ అయితే 10,000 నుంచి 12,000.

లుంగీ, మెడలో తువ్వాలు, చేతికి కడియం, వేలాడే దారాలు వద్దు. కళ్లద్దాలు, చెవులకి ప్లగ్గులు, ముక్కుకి ఎన్95 మాస్కు ఉండాలి. రెండడుగుల పలకని ఎత్తి తిప్పేటప్పుడు పైన ఫ్యాను ఉందేమో చూసుకోండి. ఇంకొకటి: కోత మధ్యలో కరెంటు పోతే పలకని పట్టుకుని వచ్చేదాకా నిలబడకండి. ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, తర్వాతే పలక తీయండి. ఆన్‌లో వదిలేసిన రూటర్ కరెంటు రాగానే, మీ చెయ్యి బిట్ మీద ఉన్నా సరే, తిరుగుతుంది.

ఎక్కడ చెడుతుంది

వాలు మీద నల్లటి కాలిన మచ్చలు వస్తే మూడు కారణాలు: మెల్లగా తోయడం, మధ్యలో ఆగడం, బిట్‌కి బంక పట్టడం. టేకు జిడ్డు కత్తి అంచు మీద పేరుకుంటుంది. కిరసనాయిలు లేదా టర్పెంటైన్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది, ఇనుప బ్రష్ వాడితే కార్బైడ్ అంచు పెచ్చులూడుతుంది. తుడిచి ఆరాకే బిగించండి.

వాలు అంతటా అలలు పడితే ముందు బిట్ కాడ చూడండి. కాలెట్‌లో కాడ మూడొంతుల్లో రెండొంతులు కూడా దిగకపోతే వణుకుతుంది. పూర్తిగా అడుక్కి ఆనించి కూడా బిగించకూడదు, 2 మి.మీ. పైకి లాగి బిగించాలి. కాడ బాగానే ఉంటే ఫెన్స్ ముందు పలక నట్లు చూడండి.

ఒక పలక బాగా వచ్చి, తర్వాతది మధ్యలో మందంగా వస్తే తప్పు ఫెన్స్‌ది కాదు, ఆ పలక వంకరది. నిలువు కోతలో బిట్ లోతుని నిర్ణయించేది ఫెన్స్‌కి ఆనిన వైపు. బొర్ర ఉన్న పలక మధ్యలో గోడకి ఆనదు. దువ్వెన చెక్క కాస్త సరిచేస్తుంది, మరీ వంకరదాన్ని చిత్రిక పట్టి తెచ్చుకోవాల్సిందే.

ఎండాకాలంలో తీసిన పలకని ఫ్రేము గాడిలో బిగుతుగా కూర్చోబెడితే ఆగస్టుకి ఉబ్బి ఫ్రేము మూలల్ని విప్పేస్తుంది. పలక వెడల్పు వైపు రెండు పక్కలా 2, 3 మి.మీ. సందు ఉంచండి, గాడిలో జిగురు పెట్టకండి.

పని లేనప్పుడు ఫెన్స్‌ని ఇంటి గోడకి ఏటవాలుగా ఆనించి పెట్టకండి, సొంత బరువుకే మెలి తిరుగుతుంది. అడుగు పలక మీద తిన్నగా నిలబెట్టి, నట్లు సగం వదులు చేసి, నేలకి తగలకుండా రెండు చెక్క ముక్కల మీద ఉంచండి. మళ్లీ తీసినప్పుడు, ముఖ్యంగా తొలకరి తర్వాత మొదటిసారి, పలక పెట్టకముందు నాలుగు చోట్లా మూలమట్టం పెట్టి చూడండి. పాత కాగితాల్లో ఒకటి తీయాల్సి రావచ్చు, లేదా ఒకటి చేర్చాల్సి రావచ్చు.